నల్లగొండకు నల్లరంగు వద్దు

మా అక్క బిడ్డ ఇంటర్ పరీక్షలు కాగానే వాటర్ కలర్స్ నేర్చుకుంటానని నా దగ్గరికి వచ్చింది. చేతిలో 24 రంగుల డబ్బా. "చిన్నమ్మా, మొదలు మన నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్టనే వేస్తా" అని కూర్చుని, నలుపులో తెలుపు కలిపి గుట్టంతా నింపింది. ఆరినాక చూస్తే సిమెంటు గోడ లెక్క ఉంది. పిల్ల ముఖం చిన్నబోయింది. నేనూ మొదట్లో చేసింది అదే. ఆ డబ్బా పక్కన పెట్టించి, ఎనిమిది చిన్న ట్యూబులు తెప్పించాను. నలుపు లేదు, తెలుపు లేదు. తెలుపు కావాలన్న చోట కాగితాన్నే వదిలేస్తాం.

పసుపు, ఎరుపు, నీలం రెండేసి రకాలు ఉండాలి. లెమన్ ఎల్లోలో థాలో బ్లూ చుక్క వేస్తే నారుమడి పచ్చ వస్తుంది. ముదురు పసుపులో రెండో నీలం, అల్ట్రామెరైన్ కలిపితే తుమ్మచెట్టు మీది మాసిన పచ్చ. అల్ట్రామెరైన్‌లో కొంచెం ఎరుపు ఛాయ ఉంటుంది, అందుకే ఆ తేడా. ఎరుపుల్లో ఒకటి నారింజ వైపుది, ఇంకొకటి గులాబీ వైపుది. గులాబీకి క్వినాక్రిడోన్ రోజ్ తీసుకోండి. ట్యూబు మీద రంగుపొడి కోడ్ పీవీ19 అని ఉంటుంది. పాత రకం అలిజరిన్ క్రిమ్సన్, అంటే పీఆర్83, వెలుతురుకు వెలిసిపోతుంది. కష్టపడి వేసిన బొమ్మ గోడ మీదే పాలిపోతుంటే చూడలేం. మిగిలిన రెండూ మట్టిరంగులు: ఎల్లో ఆకర్ అంటే మట్టి పసుపు, బర్న్ట్ సియెన్నా అంటే ఎర్రటి గోధుమ రంగు. మన చెల్క నేలలకు ఆ రెండూ లేనిదే పని జరగదు.

ప్యాలెట్‌లో పసుపుల నుంచి మొదలుపెట్టి ఎరుపులు, నీలాలు వరుసగా పెట్టించాను. మట్టిరంగులు వేరే వరుస. థాలో బ్లూ చాలా ఘాటు రంగు, పక్క రంగులను మింగేస్తుంది, దాన్ని పసుపులకు దూరంగా చివరి గడిలో పెట్టాలి. గడి ఒకేసారి నింపితే ఎండి పగుళ్లు వస్తాయి. సగం వేసి, పుల్లతో కలిపి, ఆరాక మిగతాది వేయాలి. ఎండాక నీలాలు రెండూ నల్లగానే కనిపిస్తాయి, కాబట్టి గడి పక్కన మార్కర్‌తో పేరు రాసుకోవాలి.

ఇక గుట్ట. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపితే బూడిద రంగు, చిక్కగా కలిపితే దాదాపు నలుపు. ఎండ పడే బండకు సియెన్నా ఎక్కువ, నీడవైపు నీలం ఎక్కువ. మన ఊరి పాత పేరు నీలగిరి. సాయంత్రం డాబా మీద నుంచి గుట్టను చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో నాకు కళ్లకు కడుతుంది.

పిల్ల ఇప్పుడు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా పడే నీడ వేస్తానంటోంది. "ఆ నీడలో నీలం ఎంత వేయాలె చిన్నమ్మా?" అని అడిగితే, అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా పాళ్లు మార్చి మార్చి కలిపి కాగితం మీద ఆరు మచ్చలు వేసుకొని, వెంట తీసుకురమ్మన్నాను. ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాం.