రాళ్ళే కదా అంటే ఎలా

టెక్సస్ నుంచి నార్త్ కరోలినాకి ఇల్లు మారుతున్నాం. సామాను లారీవాళ్ళ మనిషి మధ్యాహ్నం ఫోన్ చేసి లిస్టు మొత్తం చదివించుకున్నాడు. సోఫా, మంచాలు, చిన్నదాని కీబోర్డు, అన్నిటికీ ఊఁ కొడుతూ వచ్చి మా ఉప్పునీటి అక్వేరియం దగ్గర ఆగాడు. ఖాళీ గాజు ట్యాంకైతే పర్లేదట, నీళ్ళుగానీ ప్రాణమున్నవిగానీ లారీ ఎక్కించరట. అది తెలిసిందే. చేపల సంగతి మేం చూసుకుంటాం, మరి అందులోని లైవ్ రాక్, అంటే ప్రాణులు పట్టిన సముద్రపు రాళ్ళ మాటేమిటని అడిగితే, "రాళ్ళకేముందండీ, అట్టపెట్టెలో పడేయండి" అన్నాడు. సరే, ఆయనకి తెలియదు అనుకున్నాను. సాయంత్రం తోడికోడలు కూడా అదే మాట. "రాళ్ళే కదా అక్కా, నార్త్ కరోలినాలో దొరకవా?" ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకు మాత్రం ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

దొరుకుతాయి. డబ్బు పెడితే ఫ్లోరిడా నుంచి పెట్టెలో వస్తాయి. అక్కడ సముద్రంలోంచి సహజమైన రాయి తీయడం 1990లలోనే ఆపించేశారు. ఇప్పుడు మామూలు సున్నపురాయిని లీజుకి తీసుకున్నచోట సముద్రం అడుగున వేసి, ఏళ్ళు గడిచి దానికి ప్రాణులు పట్టాక తీసి అమ్ముతారు. మా రాళ్ళూ అలా వచ్చినవే. వచ్చిన కొత్తలో ఎలా ఉన్నాయో ఇప్పుడు అలా లేవు. నిన్న రాత్రి లైట్లన్నీ ఆర్పి ఎర్ర టార్చి వేసి చూశాను. ఎడమవైపు పెద్దరాయి బొక్కలోంచి బ్రిటిల్ స్టార్ (సన్నటి చేతులున్న నక్షత్రచేప లాంటి ప్రాణి) చేతులు మూడు బయటికి చాచి తడుముకుంటున్నాయి, పక్కనే బియ్యపు గింజలో సగమైనా లేని తెల్లటి పురుగులు గాజు మీద పరుగులు. రాయి పైన పెచ్చులా పట్టిన ఊదారంగు కొరలైన్ నాచు, లోపల కంటికి కనపడని బాక్టీరియా. పైపొరల్లో ఉండేవి చేపల మలినంలోని అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. గాలి అందని లోపలి గదుల్లో ఉండేవి ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువు చేసి వదిలేస్తాయి. ట్యాంకులో ఫిల్టరంటే నిజానికి ఈ రాళ్ళే. దీన్ని అట్టపెట్టెలో పడేయాలట!

అట్టపెట్టె అనగానే పెదనాన్నగారి పాలక్యాను గుర్తొచ్చింది. వేసవి సెలవులకి విశాఖ వెళ్తే ఆయన మమ్మల్ని జోడుగుళ్ళపాలెం తీసుకెళ్ళేవారు. ఆటు వేళ నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళ మధ్య మడుగులు మిగిలేవి. ఆయన పంచె ఎగ్గట్టి ముందు నడుస్తుంటే ఆయన అడుగు పెట్టినచోటే మేమూ పెట్టాలి, నాచు జారుతుంది. ఒకసారి అన్నయ్య అరచేతంత రాయిని, దానికి అంటుకున్న పీతతో సహా, ఇంటికి తీసుకెళ్దామని ఏడ్చి గోల పెట్టాడు. సముద్రపు నీళ్ళతోనే క్యాను నింపి తెచ్చాం, పెరట్లో గోళెంలో పోశాం, పిల్లి రాకుండా చెక్క మూత కూడా పెట్టాం. తెల్లారేసరికి నీళ్ళు పల్చటి పాలలా అయ్యాయి. సాయంత్రానికి కుళ్ళిన కోడిగుడ్ల కంపు, పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. దొడ్డమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆయన్నే తిట్టింది. ఆయన మాట్లాడకుండా అదే క్యానులో రాయి వేసుకుని, అన్నయ్యని స్కూటర్ వెనక ఎక్కించుకుని, తీసినచోటే వేయించి వచ్చారు. నీళ్ళు సముద్రానివే కదా, ఎందుకు చచ్చిపోయాయని అన్నయ్య అడిగితే, "నీళ్ళు అవేరా, కదలట్లేదు కదా" అన్నారు. ఆయన స్కూల్లో చెప్పింది లెక్కలు, సముద్రం గురించి ఎక్కడా చదువుకోలేదు. ఇప్పుడు నేను చదువుతున్నదంతా ఆ ఒక్క మాటే.

ప్రయాణం నాకు టెన్షన్ కాదు. ఫ్రిస్కో నుంచి కేరీకి పన్నెండు వందల మైళ్ళు, లిటిల్ రాక్ దాకా ఐ-30 హైవే, అక్కణ్ణుంచి ఐ-40, మధ్యలో ఒక రాత్రి మకాం. రాళ్ళని ట్యాంకు నీళ్ళలో తడిపిన న్యూస్ పేపర్లలో చుట్టి ఐస్ బాక్సుల్లో పెడితే రెండు రోజులు తట్టుకుంటాయి. మూత బిగించిన బకెట్లో నీళ్ళలో ముంచి తీసుకెళ్తేనే ప్రమాదం, ఆ కాస్త నీళ్ళలో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. తడి ఆరకుండా ఉంటే గాలిలోనే నయం.

అసలు బాధ చేరాక. ఇంటి తాళాలు చేతికొచ్చేసరికి ఆగస్టు ఆఖరవుతుందని బిల్డర్ మెయిల్, అప్పటిదాకా అపార్ట్‌మెంటు. ఆ అపార్ట్‌మెంట్ ఆఫీసులో అమ్మాయి ఇరవై గ్యాలన్లు దాటిన అక్వేరియం కుదరదంది. ఇది అక్వేరియం కాదమ్మా, డ్రమ్ములో ఉప్పునీళ్ళు, రాళ్ళు అని చెప్తే, మేనేజర్ని అడిగి చెప్తానని లైన్లో పెట్టి, పాట వినిపించి, చివరికి కాల్ కట్ చేసింది. మళ్ళీ చేస్తే వేరే ఆవిడ, మళ్ళీ మొదటినుంచీ కథ. పోనీ స్టోరేజ్ యూనిట్ తీసుకుందామంటే అందులో ప్లగ్గే లేదు. హీటరు, పంపు తిరగకపోతే అది పెరట్లో గోళెమే. తమ్ముడు తన గరాజ్ ఇస్తానన్నాడు. చెత్తకి వాడని కొత్త ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు, ఉప్పునీళ్ళకి 1.025 సాంద్రత, 78 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, వారం వారం అమోనియా టెస్టు, కొంచెం నీళ్ళ మార్పు. వెలుతురు అక్కర్లేదు, బాక్టీరియాకి దానితో పనిలేదు, ఊదారంగు వెలిసినా తర్వాత వచ్చేస్తుంది. కానీ అక్కడ ఎండాకాలం ఉరుములకి కరెంటు పోతే, తమ్ముడు ఆఫీసులో ఉంటే, మరదలు చంటిపిల్లతో డ్రమ్ముల దగ్గర నిలబడి నీళ్ళు కలుపుతుందా? అడగడానికే నాకు నోరు రాదు.

మొన్న ఈయన, పక్క ఊరు ప్లేనోలో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు ఉన్న ఆ అబ్బాయికి సగం రాళ్ళు ఇచ్చేద్దాం అంటే ఇంతెత్తున లేచాను. ఇప్పుడు ఇదంతా టైపు చేస్తుంటే ఆ మాట వేరేలా వినపడుతోంది. ప్రాణమున్న రాయిని దాచడానికి నడుస్తున్న ట్యాంకుని మించిన చోటేముంది? అక్కడ నీళ్ళు కదులుతాయి, చేపలున్నాయి, చూసుకునే మనిషి పక్కనే ఉంటాడు. అడుగున ఉన్న పెద్దవి, బరువైనవి అతనికిస్తే మా వాటా ఒక డ్రమ్ములో సరిపోతుంది. రాయి తక్కువైతే దారిలో చచ్చేదీ తక్కువ, అమోనియా తక్కువ, తమ్ముడికి పనీ తక్కువ. కొత్తింట్లో కింద ఎండురాయి, అంటే ప్రాణులేమీ లేని పొడి రాయి పేర్చుకుని పైన ఇవి పెడితే, కొన్ని నెలల్లో ఎండువాటికీ ఇవే ప్రాణం అంటిస్తాయి.

బ్రిటిల్ స్టార్ ఉన్న రాయి మాత్రం ఎవరికీ ఇవ్వను. అది నాతోనే వస్తుంది, కారులో నా కాళ్ళ దగ్గర పెట్టుకుంటాను. ఆ అబ్బాయికి రేపు మెసేజ్ పెట్టాలి, అతని సంప్‌లో (ట్యాంకుకి కలిపి ఉండే అడుగు తొట్టిలో) చోటుందో లేదో ముందు కనుక్కోవాలి. ఇచ్చేముందు ఐప్టేషియా (కలుపులా పాకిపోయే చిన్న ఎనిమోన్) పట్టిన చిన్నరాయిని వేరుచేయాలి, దాన్ని తీసుకెళ్ళి అతని ట్యాంకుకి అంటించడం న్యాయం కాదు.