డి విటమిన్‌తో తగ్గిన నొప్పి, తగ్గని నొప్పి

మెడ, భుజాలు, నడుము, తొడలు. ఒకచోట సలుపు తగ్గేసరికి ఇంకోచోట పట్టుకునేది. అన్నిటికంటే బాధపెట్టింది కింద కూర్చుంటే లేవలేకపోవడం. తొడల్లో సత్తువ లేక గోడ పట్టుకుని లేచేదాన్ని. ఎక్స్‌రేలు బాగానే ఉన్నాయి కాబట్టి ఇంట్లో అందరూ నీరసమే అన్నారు.

రుమటాలజీ (కీళ్లు, కండరాల జబ్బులు చూసే) డాక్టరు గారు మోకాలి కింద ఎముకను బొటనవేలితో నొక్కితే ప్రాణం విలవిల్లాడింది. రక్తపరీక్షలో విటమిన్ డి మిల్లీలీటరుకు 8 నానోగ్రాములే వచ్చింది. 20 కంటే తగ్గితేనే లోపం అంటారు. ఎముకల జబ్బుల్లో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంది. ఆస్టియోమలేషియా, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు అన్నారు. డి చాలకపోతే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు, ఎముక మెత్తబడుతుంది, కండరాలూ బలహీనపడతాయి. విజయవాడ ఎండల్లో డి లోపమేమిటని మా అత్తయ్య ఆశ్చర్యపోయారు. ఎండ ఉంటే చాలదు కదా, అది ఒంటికి తగలాలి. పొద్దున వెళ్లి చీకటి పడ్డాక ఇల్లు చేరే ఉద్యోగం నాది. బి12 కూడా తక్కువే. మేం శాకాహారులం, అరికాళ్ల తిమ్మిర్లు దానివల్లే కావచ్చన్నారు.

వారానికొకటి చొప్పున 8 వారాలు 60,000 యూనిట్ల డి3, రోజూ కాల్షియం, బి12 ఇంజెక్షన్లు రాశారు. డి కొవ్వులో కరుగుతుంది కాబట్టి భోజనం చేశాక వేసుకోమన్నారు. కొన్ని నెలలకు చెయ్యి ఆనించకుండా నేలమీంచి లేచాను. ఆ రోజు ఏడ్చేశాను.

కానీ డి 30 దాటాక కూడా మెడా భుజాలూ సలుపుతూనే ఉన్నాయి. ఎంత పడుకున్నా నిద్ర చాలినట్టుండదు. ఇది ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పి, అలసట ఏళ్ల తరబడి ఉండే జబ్బు, రక్తపరీక్షలో తేలేది కాదన్నారు. చుట్టాలు మెగ్నీషియం వాడమన్నారు. లోపం లేనప్పుడు అలాంటి మాత్రలతో ఈ నొప్పి తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదని డాక్టరు గారు చెప్పారు. 2016లో యూరప్ రుమటాలజీ నిపుణులు ఈ జబ్బుకి బలంగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కటే. రోజూ కొంచెం కొంచెం పెంచుతూ నడుస్తున్నాను. సలుపు ఉంది గానీ, ఇప్పుడు వంటా ఉద్యోగమూ రెండూ చేసుకోగలుగుతున్నాను.

మా వదిన మాత్రం ఏ పరీక్షా లేకుండా నెలల తరబడి వారం వారం 60,000 వేసుకుంటోంది. డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. డి ఒక్కటే కాదు, బి6 విటమిన్ కూడా ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలే పాడవుతాయి. "వదినా, ముందు పరీక్ష చేయించుకో, లోపం ఉంటే డాక్టరు చెప్పినంతే వాడు" అని బతిమాలి ల్యాబ్‌కి తీసుకెళ్తున్నాను.