పెద్ద టైర్ల బ్యాలెన్సింగ్: వెయిట్లు అంటించడం ఆఖరి పని

థార్‌కు 33 అంగుళాల మడ్ టెర్రైన్ (బురద నేలలకు చేసిన) టైర్లు వేయించాక చాలామందికి వచ్చే ఇబ్బంది ఒకటే. ఊళ్లో బండి బాగానే ఉంటుంది. హైవే ఎక్కి 75 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. షాపుకు తీసుకెళ్తే రిమ్‌కు ఇంకో నాలుగు వెయిట్లు, అంటే బరువు తేడాను సరిచేసే చిన్న లోహపు ముక్కలు, అంటించి పంపిస్తారు, వణుకు మాత్రం పోదు. పెద్ద టైర్ల విషయంలో తప్పు చాలాసార్లు వెయిట్ల లెక్కలో ఉండదు. చక్రం బ్యాలెన్సింగ్ మిషన్ మీద నడిమధ్యన కూర్చోలేదు, లేదా టైరు రిమ్ మీద సమంగా కూర్చోలేదు. ఆ రెండూ సరిచూడకుండా ఎన్ని వెయిట్లు వేసినా దండగే.

లెక్క చూస్తే చిన్న తేడా కూడా ఎందుకంత బాధిస్తుందో తెలుస్తుంది. 255/65 ఆర్18 టైరు వ్యాసం సుమారు 789 మి.మీ. దాదాపు 33 అంగుళాలుండే 285/70 ఆర్17 అయితే 831. ట్రెడ్ (నేలకు తగిలే భాగం) దిమ్మెలు మందంగా ఉండటంతో బరువంతా అంచుకు చేరుతుంది. ట్రెడ్ చక్రం కేంద్రానికి 415 మి.మీ. దూరంలో ఉంటే, 17 అంగుళాల రిమ్ అంచు 216 మి.మీ. దూరంలోనే ఉంటుంది. అంటే ట్రెడ్ దగ్గర ఒకచోట 50 గ్రాములు ఎక్కువైతే, రిమ్ అంచున దానికి జవాబుగా 96 గ్రాములు పెట్టాలి. స్టిక్కర్ వెయిట్లు రిమ్ లోపలి గోడకు అంటిస్తాం కాబట్టి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఆ 50 గ్రాములు 80 కి.మీ. వేగంలో దాదాపు 6 కిలోల బలంతో చక్రాన్ని లాగుతాయి. 100లో అది తొమ్మిదిన్నర కిలోలు, అదీ సెకనుకు పది సార్లకు పైగా.

షాపుకు వెళ్లేముందు రిమ్ లోపలి వైపు కడగండి. నల్లరేగడి నేలలో తిరిగిన బండికి రిమ్ లోపల ఒకపక్కన మన్ను గడ్డకట్టి ఉంటుంది. ఎండితే ఇటుకలా పట్టుకుంటుంది, పైనుంచి నీళ్లు కొడితే రాదు. చక్రం విప్పి, చెక్క పుల్లతో గీకి, బ్రష్‌తో తోమాలి. ట్రెడ్‌లో ఇరుక్కున్న కంకర రాళ్లు కూడా తీసేయాలి. ట్రిప్పు నుంచి వచ్చిన మర్నాడే వణుకు మొదలైతే చాలాసార్లు ఈ మన్నే కారణం.

వణుకు ఎక్కడ తెలుస్తోందో కూడా గమనించండి. స్టీరింగ్‌లో అయితే ముందు చక్రాలు, సీటు కింద అయితే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కులు చూడాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఎక్కువై, వదిలితే తగ్గుతుంటే, అందులోనూ బండికి లిఫ్ట్ కిట్ (ఎత్తు పెంచే సామాను) వేసి ఉంటే, గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కు శక్తినందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మీద అనుమానపడాలి. జిమ్నీ లాంటి ముందు రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండిలో గుంత తగలగానే స్టీరింగ్ ఒక్కసారిగా విపరీతంగా ఊగిపోతే, మూలం చక్రం పక్కకు తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగుల్లోనో, ఇరుసు పక్కకు జరక్కుండా పట్టే ప్యానార్డ్ రాడ్ బుష్‌లోనో ఉండొచ్చు. బ్యాలెన్స్ తప్పిన టైరు ఆ ఊపును మొదలుపెడుతుందంతే. ఆ అరిగిన భాగాలు మార్చకుండా వెయిట్లతో దాన్ని ఆపలేరు.

ఇక టైరు ఎక్కించడం. కొత్త టైరు పక్కన పసుపు చుక్క, ఎర్ర చుక్క ఉండొచ్చు. పసుపు చుక్క టైరులో తేలికైన చోటు, దాన్ని వాల్వ్ దగ్గరికి తేవాలి. ఎర్ర చుక్క టైరు ఎత్తుగా, గట్టిగా ఉన్న చోటు. రిమ్ మీద పల్లపు చోటుకు గుర్తు ఉంటే ఎర్ర చుక్కను సరిగ్గా ఆ గుర్తు పక్కకే తేవాలి. రెండూ కుదరనప్పుడు ఎర్ర చుక్కకే ప్రాధాన్యం, ఎందుకంటే బరువు తేడాను వెయిట్లతో సరిచేయొచ్చు గానీ ఎత్తు తేడాను సరిచేయలేం. బీడ్‌కు, అంటే రిమ్ మీద కూర్చునే టైరు అంచుకు, టైర్ లూబ్రికెంట్ పల్చగా రాయించండి. గాలి పట్టాక రిమ్ అంచుకు పైన టైరు మీద సన్నని గీత కనిపిస్తుంది. అది చుట్టూ రిమ్ నుంచి ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట లోపలికి దిగిపోయి ఉంటే గాలి తీసేసి, లూబ్రికెంట్ రాసి మళ్లీ పట్టించాలి. బీడ్ కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటనివ్వొద్దు. దాటితే బీడ్ తెగి ప్రాణం మీదికి వస్తుంది.

మిషన్ ఎక్కించే ముందు బండిని జాకీ మీద లేపి, ట్రెడ్‌కు దగ్గరగా కదలని ఒక పుల్ల నిలబెట్టి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. పుల్లకూ ట్రెడ్‌కూ మధ్య సందు ఎంత మారుతోందో చూడండి. ఒకటిన్నర మి.మీ. లోపల ఉంటే చింత లేదు. అంతకు మించితే టైరును రిమ్ మీద 180 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవాలి. ఎత్తు తేడా టైరుతో పాటు కదిలితే టైరుది, రిమ్‌తో పాటు ఉండిపోతే రిమ్‌ది తప్పు. ఒక సంగతి మరవొద్దు: రాత్రంతా నిలబెట్టిన బండి టైరు కింద చదునవుతుంది. పది పదిహేను కిలోమీటర్లు నడిపి, టైరు వెచ్చగా ఉన్నప్పుడే కొలవాలి.

అసలు గొడవంతా మిషన్ దగ్గరే. 33 అంగుళాల టైరు, రిమ్ కలిపితే సులువుగా 35 కిలోలు దాటుతుంది. మనిషి ఒక్కడే ఎత్తి మిషన్ షాఫ్ట్ మీద పెట్టి కోన్ (రిమ్ మధ్య రంధ్రంలో దూరి చక్రాన్ని నడిమధ్యకు తెచ్చే శంకువు) బిగిస్తే, ఆ బరువుకు చక్రం కిందికి జారి ఒక వెంట్రుకంత పక్కకు బిగుసుకుంటుంది. అందుకే బిగించేటప్పుడు చక్రాన్ని చేత్తో కొంచెం ఎత్తిపట్టి, మెల్లగా తిప్పుతూ బిగించాలి. కోన్ రిమ్ లోపలి వైపు నుంచి కూర్చోవాలి. బయట కొన్న అల్లాయ్‌లకు మధ్య రంధ్రం ఒక్కోసారి నున్నగా ఉండదు, వాటికి నట్టు రంధ్రాల మీద పట్టుకునే ఫ్లాంజ్ ప్లేట్ వాడాలి. జిమ్నీకైతే 5 నట్లు, పీసీడీ (నట్టు రంధ్రాల వలయం వ్యాసం) 139.7 మి.మీ. ఆ ప్లేట్ ఉందో లేదో షాపులో ముందే అడగండి.

సరిగ్గా కూర్చుందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. వెయిట్లు వేసి మిషన్ సున్నా చూపించాక, నట్టు వదులు చేసి చక్రాన్ని మాత్రం షాఫ్ట్ మీద సగం తిప్పి, మళ్లీ బిగించి తిప్పించండి. 10 గ్రాములకు మించి చూపిస్తే ఇందాకటి సున్నా అబద్ధం. రెండు నిమిషాల పని, కానీ అడిగితే తప్ప ఎవరూ చేయరు. తప్పకుండా అడగండి. చాలా మిషన్లు చిన్న తేడాలను కూడా సున్నాగానే చూపిస్తాయి, ఫైన్ బటన్ నొక్కితే అసలు అంకె కనపడుతుంది. రిమ్ వెడల్పు, వ్యాసం, మిషన్ నుంచి రిమ్‌కు దూరం ఈ మూడూ కొలిచి మిషన్‌లో కొట్టాలి. అంతకుముందు కారుకు పెట్టిన అంకెలు అలాగే వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు.

ఒక వైపే 150 గ్రాములకు మించి అడిగితే వెయిట్లు గుప్పించకండి. ఖాళీ రిమ్‌ను ఒక్కదాన్నే తిప్పి బరువైన చోటు గుర్తుపెట్టి, టైరు బరువైన చోటును దానికి సరిగ్గా అవతలి వైపుకు తేవాలి. నల్ల అల్లాయ్‌ల అందం చెడుతుందని బయటివైపు వెయిట్లు వద్దనేవాళ్లు స్టాటిక్ మోడ్‌లో మధ్యలో ఒకే వరసతో సరిపెట్టుకుంటారు. వెడల్పాటి టైరుకు అది చాలదు, పైకీ కిందికీ ఊగడం తగ్గినా పక్కలకు ఊగడం మిగులుతుంది. స్పోక్‌ల వెనక ఒక వరస, లోపలి అంచున ఒక వరస పెట్టించండి. రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత తక్కువ బరువు సరిపోతుంది. అంటించే చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పైన అల్యూమినియం టేప్ వేస్తే బురదకు ఊడవు. బండికి బిగించాక చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, వెయిట్లు బ్రేకు కాలిపర్‌కు తగలట్లేదని చూసుకోవాలి.

టైరు లోపల పోసే బ్యాలెన్సింగ్ పూసలు 35 అంగుళాలు, ఆపైన పనికొస్తాయి. పరిమాణం ప్యాకెట్ మీది పట్టిక చూసి వేయాలి. వాటితో పాటు ఫిల్టర్ ఉన్న వాల్వ్ కోర్ వేయకపోతే గాలి తీసేటప్పుడు పూస అడ్డుపడి గాలి లీకవుతుంది. లోపల తేమ ఉన్నా, పంక్చర్ సీలెంట్ పోసినా ముద్దకట్టేస్తాయి. ఎత్తు తేడా ఉన్న టైరును ఇవి బాగుచేయవు. పూసలున్న చక్రాన్ని మిషన్ మీద తిప్పితే ప్రతిసారీ వేరే అంకె వస్తుంది.

చక్రం బిగించే ముందు హబ్ (బండి మీద చక్రం కూర్చునే భాగం) ముఖం మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకండి. నట్లు చేత్తో మొదలుపెట్టి, ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి. 80 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూడాలి.

కొత్త టైరుతో మొదటి రోజు గట్టి బ్రేకులు వేయకండి. లూబ్రికెంట్ ఆరకముందు టైరు రిమ్ మీద జారుతుంది. 15 పీఎస్ఐకి గాలి తగ్గించి ఇసుకలోనో బండల మీదో నడిపినప్పుడూ ఇంతే. వాల్వ్ పక్కనే టైరు మీద ఒకటి, రిమ్ మీద ఒకటి పెయింట్ గీత గీసి ఉంచండి. ట్రిప్పు తర్వాత రెండు గీతలూ పక్కకు తప్పితే, ఆ చక్రాన్ని మళ్లీ బ్యాలెన్స్ చేయించాల్సిందే.