పాప ముక్కు బిగిసిన రోజులు

కాన్పుకని పుట్టింటికి వచ్చినదాన్ని, 2025 డిసెంబర్ నాటికి ఇంకా ఆదిలాబాద్‌లోనే ఉన్నాను. పాపకు మూడున్నర నెలలు. ఇక్కడి చలి సంగతి తెలిసిందే కదా, పొద్దున ఎనిమిదైనా పొగమంచు విడవదు. అన్నయ్య కొడుకు అంగన్‌వాడీ నుంచి ముక్కు కారుతూ వచ్చి, మేం వద్దనేలోపే పాపను ముద్దు పెట్టుకున్నాడు. నాలుగేళ్లవాడు, వాణ్ని ఏమనగలం. మూడో రోజుకల్లా పాపకు తుమ్ములు మొదలయ్యాయి.

మొదటి రోజు మామూలు పడిశమే అనుకున్నాను. రెండో రోజు పాల దగ్గర కష్టం తెలిసింది. రెండు గుటకలు తాగుతుంది, వదిలేసి ఏడుస్తుంది, మళ్లీ రొమ్ము వెతుక్కుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. నీకు పాలు తగ్గాయేమో అని పక్కింటామె అంది, ఆ మాటకు చాలాసేపు ఏడ్చాను. పాలు బాగానే ఉన్నాయి. ఇంత చిన్నపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారని, ముక్కు బిగిస్తే పాలు తాగుతూ ఊపిరి తీసుకోవడం వాళ్లవల్ల కాదని నాకు అప్పుడు తెలియదు.

అమ్మ తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. స్నానం చేయించి ఊదు పొగ వేయబోయింది, ముక్కులో చుక్క నూనె వేస్తానంది. ఆ రెండింటికీ అడ్డుపడ్డాను. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చని కాన్పు అప్పుడే నర్సు చెప్పి పంపింది. "మిమ్మల్నిద్దరినీ ఇట్లనే పెంచిన బిడ్డా" అని అమ్మ చిన్నబుచ్చుకుంది. సాయంత్రం దాకా మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆ రాత్రి రెండింటికి పాప ఏడుపు ఆగక, అలమరలో మేనల్లుడికి తెచ్చిన దగ్గు సిరప్ ఉంటే సీసా చేతిలోకి తీసుకున్నాను. మూత కూడా తీశాను. కొంచెం వేస్తే నిద్రపోతుంది కదా అనిపించింది. ఏదో భయమేసి మళ్లీ పెట్టేశాను. ఇప్పుడు తలచుకున్నా గుండె దడదడలాడుతుంది.

మూడో రాత్రి పాప ఊపిరిలో సన్నగా పిల్లికూతలు వినిపించాయి. మా ఆశా అక్క ఇంటికి వచ్చినప్పుడు ఊపిరి లెక్కపెట్టడం నేర్పింది, పాప ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి, రెండు నెలలు దాటి ఏడాదిలోపు పిల్లలకు 50 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి అని. చొక్కా ఎత్తి, ఫోన్ లైటు పక్కకు తిప్పి లెక్కపెట్టాను. 57. తప్పు లెక్కేమోనని మళ్లీ చూశాను, 54. డొక్కలు కూడా కొంచెం ఎగరేస్తోంది. హైదరాబాద్‌లో ఉన్న మా ఆయనకు ఫోన్ చేస్తే నాకంటే ఆయనకే టెన్షన్ ఎక్కువైంది. అన్నయ్య బండి తీస్తే ఆ పొగమంచులో ముందు అద్దం తుడుచుకుంటూ వెళ్లాం.

డాక్టరమ్మ కాలివేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టారు, 95 ఉంది. బ్రాంకియోలైటిస్ అన్నారు, అంటే వైరస్ వల్ల ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు వాచి తెమడ పట్టడం. యాంటీబయాటిక్ దీనికి పనిచేయదన్నారు. ఇంజెక్షన్ లేదు, సిరప్ లేదు, ఉప్పునీటి ముక్కు చుక్కలు మాత్రం రాశారు. ఇంతేనా అని నాకు కోపమే వచ్చింది. సిరప్ రాయండి మేడం అని అడిగాను కూడా. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన సంగతి గుర్తుచేసి, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్రం అక్టోబర్‌లోనే చెప్పిందని అన్నారు. నా చేతిలో మూత తీసిన సీసా గుర్తొచ్చి నోట మాట రాలేదు.

సాయంత్రం దాకా అక్కడే ఉంచుకుని చూశారు. నర్సు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి, పంపుతో చీమిడి లాగి, ఇప్పుడు పాలివ్వమంది. పాప ఆగకుండా ఐదు నిమిషాలు తాగింది! అంతకుముందు రెండు రోజులు నేను పడ్డ బాధంతా ఆ ఐదు నిమిషాల్లో పోయింది.

ఇంటికొచ్చాక అదే పద్ధతి. పాలకు ముందు చుక్కలు, పాలు కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. డొక్కలు ఎగరేయడం పెరిగినా, పెదాలు నీలంగా మారినా, మామూలుగా తాగే పాలలో సగం కూడా తాగకపోయినా, ఉచ్చ తగ్గినా వెంటనే తీసుకురమ్మన్నారు, అందుకని తడిసిన గుడ్డలు కూడా లెక్కపెట్టాను. మేనల్లుణ్ని నాలుగు రోజులు పాప గదిలోకి రానివ్వలేదు, పాపం తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. ఊదు మానేసిన అమ్మ, నేను నిద్రకు తాళలేక తూలిపోతుంటే పాపను భుజాన నిలువుగా వేసుకుని తెల్లవార్లూ గదిలో తిరిగింది. పడుకోబెడితే గురగురమనే పిల్ల ఆమె భుజం మీద మాత్రం నిద్రపోయేది. ఆ పని నావల్ల అయ్యేది కాదు.

ఐదో రోజు దాకా అలాగే ఉంది, ఆరో రోజు నుంచి తగ్గింది. దగ్గు మాత్రం ఇంకో వారం పట్టింది. పదకొండో రాత్రి పాప కడుపునిండా తాగి, నోట్లో పాలతోనే నిద్రపోయింది. అలవాటు కొద్దీ చొక్కా ఎత్తి లెక్కపెట్టాను.

చీకట్లోంచి "ఎంతుంది బిడ్డా?" అని అమ్మ అడిగింది.

"38 అమ్మా."

"ఇగ నువ్వు పండుకో" అంది.