ఎడమ నుంచి నాలుగో మనిషి

మన పూర్వ విద్యార్థుల సంచికకి హాస్టల్ రోజుల సరదా జ్ఞాపకం ఏదైనా రాసి పంపమని మన కమిటీవాళ్ళు రెండు నెలలుగా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. రాద్దామనే కూర్చున్నాను. మెస్సులో సాంబారు గురించి, ఆదివారం చికెన్ ముక్కల లెక్క గురించి ఒక పేజీ అయింది కూడా. ఇంతలో మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో 1998 నాటి ఫోటో పెట్టారు, డిపార్ట్‌మెంట్ మెట్ల మీద తీసుకున్నది, గుర్తుందిగా. కింద అందరి పేర్లూ వరసగా రాసుకుంటూ వచ్చి, ఎడమ నుంచి నాలుగో మనిషి దగ్గర "ఆంబ్రోస్" అని రాసి పక్కన నవ్వే బొమ్మలు మూడు పెట్టారు. కాసేపట్లో ఇంకో ఇరవై నవ్వులు వచ్చి పడ్డాయి. అందులో నాదీ ఒకటి. పెట్టాక, అసలు పేరేంటబ్బా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు. రాత్రి పడుకున్నాక కూడా రాలేదు. నా పక్కనే ఒకే ల్యాబ్ బెంచీ మీద టైట్రేషన్లు చేసిన మనిషి, పేరు తెలీదు నాకు.

దాంతో సాంబారు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. సరదాగా ఉండదు, ముందే చెప్తున్నా.

మీలో చాలామంది మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆంబ్రోస్ అనే పేరు మొదట నాది. 1997లో ఎమ్మెస్సీలో చేరినప్పుడు క్లాసులో అందరికంటే నల్లగా, పొడుగ్గా ఉన్నది నేనే. ఆ మార్చిలోనే బార్బడోస్ టెస్టులో 120 కొట్టలేక మనవాళ్ళు 81కి ఆలౌటయ్యారు, ఆంబ్రోస్ లాంటి నల్లటి, పొడుగాటి వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ల పేర్లు చెప్తే పళ్ళు నూరుకునే రోజులు అవి. రెండో రోజే మెస్ లైన్లో ఎవరో "ఒరే ఆంబ్రోస్" అన్నారు, అంతే, అతుక్కుపోయింది. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వక చస్తానా. చిన్నప్పట్నుంచీ మా నానమ్మ "కర్రెపోరడు" అని ముద్దుగా పిలిచేది, పెళ్ళిళ్ళలో చుట్టాలు "పిల్లగానికి నీ రంగు రాలేదే" అని మా అమ్మ మీద జాలి చూపించేవాళ్ళు, ఇంటర్‌లో ఉండగా ఫెయిర్‌నెస్ క్రీము ట్యూబు పుస్తకాల వెనక దాచుకుని నాలుగు నెలలు రాసుకున్నాను. (ఈ ట్యూబు సంగతి మా ఆవిడకి కూడా ఇది చదివితేనే తెలుస్తుంది.)

నవంబరులో అతను వచ్చాడు. ఇథియోపియా నుంచి, స్కాలర్‌షిప్ మీద, వీసా ఆలస్యమై సెమిస్టర్ మధ్యలో. తలుపు దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని అడిగినప్పుడు నాకు మొట్టమొదట అనిపించింది ఏంటో ఇన్నేళ్ళకి చెప్తున్నాను: హమ్మయ్య. నాకంటే నల్లటోడు ఒకడొచ్చాడు. ఆ సాయంత్రం మెస్సులో ఎవరో నన్ను ఎప్పట్లాగే పిలిస్తే, నేనే అతని వైపు గడ్డం ఎగరేసి "ఇంకా నేనేంట్రా, ఒరిజినల్ వచ్చిండుగా" అన్నాను. టేబులంతా పగలబడి నవ్వింది. వారం తిరిగేసరికి పేరు నా మీంచి అతని మీదకి బదిలీ అయిపోయింది. అతనిది వెస్టిండీస్ కాదు, పొడుగూ కాదు, నా భుజం దాకా వస్తాడు, బ్యాటు ఎటు నుంచి పట్టుకోవాలో కూడా తెలీదు. అవేవీ ఎవరికీ అడ్డు రాలేదు. అందరం కలిసి పెట్టిన పేరని మీరు అనుకుంటూ ఉండొచ్చు. పెట్టింది నేను.

మొన్న ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. అతను నాకంటే నల్లగా ఏం లేడు. నిజం చెప్పాలంటే నాకంటే ఒక పిసరు చాయ.

వెనక గేటు దగ్గర కుక్క ఏదైనా కనపడకపోతే "రాత్రి ఆంబ్రోస్ రూములో పార్టీ" అనే జోకు ఉండేది కదా. అది పుట్టించినవాళ్ళు వేరే, జూనియర్ల దాకా మోసింది మాత్రం నేను. మన మెస్సులో అందరికంటే నిష్ఠగా తినేవాడు అతనే అని నాకు అప్పటికే తెలుసు, అదీ విషయం. వాళ్ళ ఆర్థొడాక్స్ చర్చి పద్ధతి ప్రకారం బుధ, శుక్రవారాలు మాంసం, గుడ్డు, పాలు ఏవీ ముట్టడు, ఈస్టర్ ముందైతే దాదాపు రెండు నెలలు అంతే. శివరాత్రి ఒక్కపూట ఉపవాసానికే సాయంత్రానికి గుడి మెట్ల మీద పులిహోర కోసం నిలబడే బ్యాచ్ మనది. పాలు లేని టీ అడిగితే మెస్ వంటాయన విసుక్కునేవాడు, అతను సారీ చెప్పి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు.

నేనడిగిన ప్రశ్నలు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. మీ ఊళ్ళో సింహాలు తిరుగుతాయా అని అడిగాను. తిరగవు, మా క్యాలెండర్లో ఇప్పుడు 1990, ఏడాదికి పదమూడు నెలలు, కాబట్టి నీకంటే నేను ఏడేళ్ళు చిన్న, అన్నా అని పిలుస్తా అన్నాడు. ఎల్లోరా ఎంత దూరం అని అడిగాడొకసారి. మా లాలిబెలాలో కూడా అట్లానే కొండరాయిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి పదకొండు చర్చిలు కట్టారు, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలనుంది అన్నాడు. కోతలు కోస్తున్నాడనుకున్నాను. మనకి తప్ప ఇంకెవరికి చేతనవుతుంది ఆ పని, అని నా లెక్క. ఎల్లోరాకి అతను వెళ్ళొచ్చాడు కూడా. నేను ఇప్పటికీ వెళ్ళలేదు.

ఇక అసలు సంగతి. 1998, ఉగాది వెళ్ళిన వారం. వేసవికి హాస్టల్ మూసేస్తారు, అంతదూరం ఇంటికి వెళ్ళిరావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు, బయట రూము వెతుక్కుంటున్నాడు. అప్పటికి నేను హాస్టల్ వదిలి హబ్సిగూడలో ఉంటున్నాను. మా ఓనర్ల మేడ మీద గది ఖాళీ, గేటుకి టు లెట్ బోర్డు వేలాడుతోంది. మీ ఆంటీని ఒకమాట అడుగుతావా అన్నాడు. అడిగాను. ఆవిడేమో నన్నే అడిగింది, "నీతోటి చదివే పిల్లగాడేనా? ఎట్లాంటోడు బాబూ? నువ్వు చెప్తే ఇస్తా" అని. ఆవిడకి ఏ పట్టింపూ లేదు. మంచోడు ఆంటీ అంటే చాలు.

"ఎందుకు లెండి ఆంటీ, వాళ్ళ తిండీ అదీ మీకు పడదు" అన్నాను.

అతను ఆ ఈస్టర్ ఉపవాసంలోనే ఉన్నాడప్పుడు. ఓనర్ల ఇంట్లో ప్రతి ఆదివారం మేక తలకాయ కూర. ఎందుకన్నాను? అతనంటే కోపమా అంటే కాదు. సందులో అందరూ నన్ను, అతన్ని ఒకే గేటు లోంచి వస్తూ పోతూ చూస్తారు, ఇద్దర్నీ ఒకే గాటన కడతారు, వదిలించుకున్న పేరు మళ్ళీ నా మీదకొస్తుంది. ఇదంతా ఆ క్షణంలో ఇంత వివరంగా అనుకోలేదు. నోరు మాత్రం టక్కున కదిలింది. అతనికేమో "గది ఇచ్చేశారట" అని చెప్పాను. నాలుగు రోజుల తర్వాత నోట్సు కోసం మా రూముకొచ్చాడు. బోర్డు అలాగే ఉంది, దాని పక్కనుంచే వచ్చాడు. కూర్చున్నాడు, పాలు లేని టీ తాగాడు, నోట్సు తీసుకుని వెళ్ళాడు. ఒక్క మాట అనలేదు.

హబ్సిగూడ పేరులో ఉన్న హబ్షీ అంటే ఎవరో చాలా ఏళ్ళకి తెలిసింది. అబిసీనియావాళ్ళు, అంటే ఇథియోపియావాళ్ళే. ఆ మాటతోనే దక్కన్‌లో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళందర్నీ పిలిచేవాళ్ళు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, 1626లో చనిపోయేదాకా మొఘలుల్ని ముప్పుతిప్పలు పెట్టిన మాలిక్ అంబర్ హబ్షీయే. మన ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళం. నేను ఆ స్టాపులో ఎన్నిసార్లు బస్సు దిగానో. ఒక ఇథియోపియా మనిషికి హబ్సిగూడలో గది దొరక్కుండా చేసినవాణ్ణి నేను.

తర్వాత అమెరికా. అక్కడ నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది గానీ, మారలేదు. దిగిన వారంలోనే రూమ్మేట్లు పాఠం చెప్పారు, ఏ ఏరియాలో నల్లోళ్ళు ఎక్కువ, ఎక్కడ ఇల్లు తీసుకోకూడదు. నేను నేర్చుకున్నాను, తర్వాత వచ్చినవాళ్ళకి నేర్పాను. సిగ్నల్ దగ్గర కారు డోరు లాక్ నొక్కేవాణ్ణి, ఎవరు నడిచొస్తున్నారో చూసి. పౌరహక్కుల కోసం వాళ్ళు దెబ్బలు తిన్న రోజుల్లోనే 1965 వలస చట్టం వచ్చింది, మనలాంటివాళ్ళకి తలుపు తీసింది అదే అని తెలిశాక కూడా చెయ్యి లాక్ మీదకే పోయేది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో, ఒలేతా అనే ఊళ్ళో, మా దేశం నుంచి పొండి అని అరుస్తూ ఒకడు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపాడు. మన హైదరాబాద్ అబ్బాయి. ఆ రాత్రి మా తెలుగువాళ్ళ గ్రూపులో అందరం వణికిపోయాం. ఎవరో "ఒక పిచ్చి వెధవ చేసిన పని" అన్నారు, అవునన్నాను. నిజమే, ఒకడే. అడ్డుపడబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిల్లట్ కూడా తెల్లవాడే. కానీ కాల్చినవాడు నల్లవాడై ఉంటే, ఒక పిచ్చి వెధవ అనేవాళ్ళమా, వాళ్ళంతే అనేవాళ్ళమా?

నెల తిరగ్గానే, మార్చి చివర్లో, అదే ఫోనులో ఇంకో వీడియో. గ్రేటర్ నోయిడాలో ఒక కుర్రాడు చనిపోతే, నైజీరియన్లు తినేశారని పుకారు లేచి, జనం ఒక మాల్‌లో ఆఫ్రికన్ విద్యార్థుల్ని కుర్చీలతో, చెత్తడబ్బాలతో కొడుతున్నారు. మనుషుల్ని తింటారన్న పుకారు వినగానే నాకు వెనక గేటు కుక్కలు గుర్తొచ్చాయి. అయినా అప్పుడు కూడా ఏమీ చేయలేదు. వీడియో ఆపేసి ఆఫీసు పని చూసుకున్నాను.

ఈసారి మాత్రం నల్గొండలో మా చెల్లికి ఫోన్ చేసి అటక మీద ట్రంకు పెట్టె దింపించాను. ఆటోగ్రాఫ్ పుస్తకం దొరికింది. అందులో ఒక పేజీలో అతని పేరు, ఇంగ్లీషులో ఒకసారి, అమ్హారిక్‌లో ఒకసారి. మన అక్షరాలు జిలేబీలైతే వాళ్ళవి కాళ్ళున్న నిచ్చెనలు. పేరుతో వెతికితే దొరికాడు, అక్కడ ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్తున్నాడు. పేరు ఎవరు అంటించారో, కుక్క జోకు, గది అబద్ధం, ఏదీ దాచకుండా రాసి మెయిల్ పెట్టాను. క్షమించమని అడగలేదు, అడిగితే ఆయన మీద ఇంకో పని పెట్టినట్టు ఉంటుందనిపించింది.

నాలుగో రోజు జవాబొచ్చింది. గది సంగతి గుర్తులేదట, ఆ నెలలో చాలా ఇళ్ళు తిరిగాను, అందులో మీ ఇల్లు ఏదో చెప్పలేను అన్నాడు. నిజమో, మర్యాదకి అన్నాడో. పేరు మాత్రం గుర్తుంది, ఆ బౌలర్ ఎవరో టీవీ రూములో మొదటి వారమే చూశానన్నాడు. కుక్కల జోకు కూడా తెలుసట. రెండో సెమిస్టర్‌కల్లా మీ తెలుగు నాకు బాగానే అర్థమయ్యేది, మీరెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు అని రాశాడు. చివర్లో, ఆ ఫోటో సంచికలో వేస్తే కింద నా పేరు వేయించు అన్నాడు.

కాబట్టి కమిటీవాళ్ళకి మనవి. స్పెల్లింగు విడిగా పంపించాను, దయచేసి ప్రూఫు ఒకటికి రెండుసార్లు చూడండి. వాళ్ళకి ఇంటిపేర్లుండవు, తన పేరు, తర్వాత నాన్న పేరు, తర్వాత తాత పేరు. చోటు చాలకపోతే నా పేరు తీసేయండి గానీ ఆ మూడూ ఉంచండి.