ఈజిప్టు చేపల వేట: బొమ్మ ఇచ్చి వివరించమంటే ఏం రాయాలి

ప్రాచీన నాగరికతల పేపర్‌కి చదివేవాళ్ల కోసం ఇది. సమాధి గోడ మీది వేట బొమ్మ ఇచ్చారంటే ముందు చేతిలో ఏముందో చూడండి. వల అయితే పనివాళ్లు, తిండి. జంట మొనల బరిసె అయితే దొర, సరదా. సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

వల బొమ్మకి సక్కారా శ్మశానంలోని తీ అనే అధికారి సమాధి (5వ రాజవంశం), మెరెరుకా సమాధి (6వ రాజవంశం) గుర్తుపెట్టుకోండి. నీళ్లలో పెద్ద వల, దాని రెండు కొసల తాళ్లూ పట్టుకుని బారులు తీరి లాగే మనుషులు. మన కోస్తాలో అలివి వల లాగడం చూసినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. అవిసె నార దారం, పైఅంచుకి చెక్క బెండ్లు, కింది అంచుకి రాతి బరువులు. సీసం బరువులు చాలా తర్వాతి కొత్త రాజ్యం (18–20 రాజవంశాలు) నాటివి, ఈ సమాధుల కాలమైన పాత రాజ్యం (3–6 రాజవంశాలు) జవాబులోకి తెచ్చి పెట్టకండి. గాలంలోనూ ఇదే చిక్కు: ముందు ఎముక, తర్వాత రాగి, ఆపైన కంచు. పట్టుకున్న చేప జారిపోకుండా వెనక్కి తిరిగిన ముల్లు 12వ రాజవంశం నుంచి కనిపిస్తుంది. గాలం కర్ర బొమ్మ బెనీ హసన్ సమాధుల్లో ఉంది, అదీ ఆ కాలానిదే.

పట్టిన చేపని చీల్చి, పలకలా తెరిచి ఎండబెట్టేవారు. మల్లెట్ చేప గుడ్లని (జన) విడిగా తీసి ఎండబెట్టడం పాత రాజ్యం బొమ్మల్లోనే ఉంది. రాజ సమాధులు కట్టే దేర్ ఎల్-మెదీనా ఊరి పనివాళ్లకి చేప కూలిలో భాగం. లెక్క దెబెన్ తూకంలో, ఒక దెబెన్ సుమారు 91 గ్రాములు.

ఇక బరిసె బొమ్మ. థీబ్స్‌లోని మెన్నా సమాధి (18వ రాజవంశం) చాలు. పపైరస్ పడవ మీద దొర, పక్కన కుటుంబం. అతని ముందు నీళ్లు గుట్టలా పైకి లేచి ఉంటాయి. అది అల అని రాసేస్తారు చాలామంది. లోపలి చేపలు కనబడాలని చిత్రకారుడు నీటిని అలా లేపాడు. ఒకే బరిసెకి రెండు చేపలు: తిలాపియా, నైలు పెర్చ్. తిలాపియా అంటే మన జిలేబీ చేప కుటుంబమే, లోతులేని నాచునీళ్లలో తిరుగుతుంది. పెర్చ్‌ది లోతు నీరు. ఒక్క పోటుకి రెండూ దొరకడం జరిగే పని కాదు, అది సంకేతం. పిల్లల్ని నోట్లో దాచుకుని మళ్లీ వదిలే తిలాపియా వాళ్లకి పునర్జన్మ గుర్తు. ఇది రాయకుండా 'వినోదం' అని వదిలేస్తే జవాబు కుంటుతుంది.

'ఈజిప్షియన్లు చేపలు తినేవారు కాదు' అన్నది మరో పెద్ద తప్పు. తినకూడదన్నది పూజారులకని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. క్రీ.పూ. 727 ప్రాంతపు శాసనంలో, ఈజిప్టుని గెలిచిన నూబియా రాజు పియే ముందు లొంగిపోయిన పాలకుల్లో నమ్లోత్ ఒక్కడికే రాజభవన ప్రవేశం దొరికింది, చేపలు తినడు కాబట్టి. అంటే మిగతావాళ్లు తిన్నట్టేగా!

హెరొడోటస్‌లోనే ఇంకో ముక్క: పగలు చేపలు పట్టిన వలనే రాత్రి పక్క చుట్టూ కట్టుకుని దోమల్ని ఆపుకునేవారట. ప్రశ్న 'సామాన్యుల జీవనం' మీద వచ్చినా పనికొస్తుంది.