వేడి లేకుండనే కాలిన చెయ్యి

మాది హన్మకొండ పక్కన ఊరు. పెద్దపల్లి దిక్కు ఒక సైట్ల పైపుల వెల్డింగ్‌కు ఆర్‌టీ తీసేటోన్ని, అంటే అతుకుల లోపాలు కనపడేటట్టు రేడియేషన్‌తోని ఫొటో తీసుడు. ఎక్స్‌రే అసొంటిదే, కాకపోతే మిషన్ బదులు గామా కిరణాలిచ్చే ఇరిడియం-192 ముక్క ఉంటది, దాన్నే సోర్స్ అంటం, రాత్రి జనం లేనప్పుడు తీస్తం.

ఆ రాత్రి షాట్ అయినంక సోర్స్‌ను దాని పెట్టెలకు (దాన్నే కెమెరా అంటం) గుంజే హ్యాండిల్ వెనక్కి తిప్పిన, తీగ మొత్తం వచ్చింది, అంతా మామూలే అనుకున్న. కానీ తీగ కొసకున్న కొక్కెం అరిగి ఊడిందట, తీగ ఒక్కటే కెమెరాలకు వచ్చింది, సోర్స్ మాత్రం అది పోయివచ్చే గొట్టం, గైడ్ ట్యూబ్, కొసకే ఉండిపోయింది. రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ పట్టుకపోతె అక్కడ్నే తెలిసేది. దాంట్ల సెల్లు అయిపోయి రెండు రోజులాయె, సూపర్‌వైజర్‌కు చెప్తె రేపు తెస్తా అన్నడు. మీటర్ లేనప్పుడు పని ఆపాలె, నేను ఆపలే, అబద్ధమెందుకు. ట్యూబ్ కొసను కుడిచేత్తో పట్టుకుని టేప్ పీకుతున్న, ఒక నిమిషం అయ్యుంటది, హెల్పర్ తమ్ముడు దగ్గరికి రాంగనే వాని జేబుల రేడియేషన్ అలారం ఒకటే మొత్తుకునుడు. ఇడిచిపెట్టి ఉరికినం.

చేతికి ఏం కాలే. మంట లేదు, నొప్పి లేదు. తెల్లారి వేళ్లు జర ఎర్రగైనయ్, రెండు దినాలకు పోయినయ్. ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్కపెట్టే బ్యాడ్జ్ రిపోర్టుల 7 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ డోసు కొలత) వచ్చింది, ఏడాదికి సగటున 20 దాకా పర్మిషనే కదా, నీకేం కాలేదు పో అన్నడు కాంట్రాక్టర్. బ్యాడ్జ్ ఉండేది ఛాతి మీద, సోర్స్‌ను పట్టింది వేళ్లు, ఆ లెక్క ఎవ్వడు చెయ్యలే.

12వ రోజు బొటనవేలు, చూపుడువేలు ఉబ్బి బొబ్బలు లేచినయ్. వరంగల్‌ల డాక్టర్ చూసి "నూనె వడ్డదా?" అన్నడు. రేడియేషన్ అంటే కొద్దిసేపు నన్నే చూసిండు, పాపం, హైదరాబాద్‌కు రాసిచ్చిండు. అక్కడ తెల్లకణాలు పడిపోతున్నయా అని మళ్ల మళ్ల రక్తం తీసిన్రు, పడిపోలే. చర్మం అతుకు వేసుడు కూడా తప్పింది. కానీ నొప్పి, అది రాత్రిళ్లే వచ్చేది, చెయ్యి దిండు మీద ఎత్తిపెట్టుకుని కూసునేటోన్ని. 28 ఏండ్లోన్ని, మూడు నెలలు అమ్మ ముద్దలు కలిపి తినిపిచ్చింది.

ఇప్పుడు కొత్త తోలు వచ్చింది, పలుచగ, ఉల్లిపొర లెక్క మెరుస్తది, చలికాలం చిట్లుతది. గీతలు పోయినయ్, రేషన్ షాపుల మిషన్ బొటనవేలు తీస్కుంటలేదు. డీలర్ ఎడమ చెయ్యి పెట్టుమని, ఏమైందిరా అన్నడు.

నూనె వడ్డదన్న.